నలుగురంటే భయం, ఉద్యోగమేమో నలుగురితో మాట్లాడేది: దరఖాస్తు పెట్టాలా వద్దా?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు ఊరు వదలకుండా ఉద్యోగం వెతికితే దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రైవేటు ఆసుపత్రిలో ఫ్రంట్ ఆఫీసు, సెల్‌ఫోన్ షోరూంలో ప్రమోటర్, బట్టల షాపులో సేల్స్, ఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్, మందుల కంపెనీకి మెడికల్ రెప్, విత్తనాల కంపెనీకి ఫీల్డ్ అసిస్టెంట్, అడ్మిషన్ల సీజన్లో కాలేజీ పీఆర్వో. వీటిలో ఏ ప్రకటన చూసినా ఒకటే లైను: కలుపుగోలుతనం, మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి. జీతం, దూరం, టైమింగ్స్ అన్నీ కుదిరినా చాలామంది ఆ లైను దగ్గరే ఫోన్ పక్కన పెట్టేస్తారు. "నాతోని కాదు" అనుకుంటారు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఆ లైను ఇంత అడ్డం కాదు. డేటా ఎంట్రీ, అకౌంట్స్, గోదాముల్లో స్టాక్ చూసుకోవడం, ఇలా ఎవరితోనూ పెద్దగా మాట్లాడనక్కర్లేని పనులు అక్కడ వెతికితే దొరుకుతాయి. ఇక్కడ కెమిస్ట్రీ చదివినవాళ్ళకు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలున్నాయి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో లెక్కలు రాసే పని ఉంటుంది. 2023లో మహబూబ్‌నగర్ దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు కానీ, బీఏ, బీకాం చదివిన అందరికీ వాటిలో కుర్చీ దొరకదు. కాబట్టి మాట్లాడే ఉద్యోగాలన్నీ వద్దనుకుంటే, ఇక్కడున్న ఉద్యోగాల్లో పెద్ద భాగం వద్దనుకున్నట్టే. అంత ఖరీదైన నిర్ణయం ప్రకటనలో ఒక్క లైను చూసి తీసుకోకూడదని నా అభిప్రాయం.

పైగా ఇది ఒక్క నిర్ణయం కాదు. దరఖాస్తు పెట్టడం ఒకటి, ఇంటర్వ్యూకు పోవడం ఇంకొకటి, చేరడం మరొకటి. భయం ఈ మూడింటినీ కలిపేసి చూపిస్తుంది. రెజ్యూమె పంపకముందే, ఎప్పుడో ఆరు నెలల తర్వాత మేనేజరు పదిమందిలో తిట్టే సీను కళ్ళముందు ఆడుతుంది. నిజానికి దరఖాస్తు పెడితే పోయేది ఏమీ లేదు, ఒక సాయంత్రం కాస్త టెన్షన్ తప్ప. ఇంటర్వ్యూకు పోతే ఒక పూట, బస్సు చార్జీలు. చేరడం ఒక్కటే పెద్ద నిర్ణయం. దానికి కావలసిన సమాచారం చాలావరకు ఇంటర్వ్యూలోనే దొరుకుతుంది. అంటే దరఖాస్తు పెట్టనివాళ్ళు తెలియకుండానే మూడో నిర్ణయం కూడా తీసేసుకుంటున్నారు, అదీ ఏ సమాచారమూ లేకుండా.

ఇష్టం లేదా, భయమా?

ఒక ప్రశ్న వేసుకోవాలి. రేపు పొద్దున లేచేసరికి భయం మొత్తం పోయిందనుకోండి. అప్పుడు ఈ ఉద్యోగం కావాలనిపిస్తుందా? అక్కర్లేదు, నాకు ఒక మూలన కూర్చుని లెక్కలు చూసుకునే పనే ఇష్టం అనిపిస్తే అది స్వభావం. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, దరఖాస్తూ పెట్టనక్కర్లేదు. కావాలనిపిస్తే మాత్రం ఇప్పుడు వద్దంటున్నది మీరు కాదు, మీ భయం. చాలామందికి "ఏమో" అనే జవాబు వస్తుంది. అలాంటప్పుడు జీతం, దూరం, నేర్చుకునే అవకాశం, మామూలుగా ఏ ఉద్యోగానికైనా చూసుకునేవే చూసుకోవాలి.

తక్కువ మాట్లాడేవాళ్ళు సేల్స్‌కు పనికిరారన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. నోట్లో నాలుక లేనివాడు ఏం అమ్ముతాడు అంటారు. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు ఒక కాల్ సెంటర్లో 340 మంది అమ్మకాలను వాళ్ళ స్వభావాలతో పోల్చి చూసి 2013లో ఫలితాలు ప్రచురించారు. బాగా కలుపుగోలుగా ఉండేవాళ్ళు అందరికంటే ఎక్కువ అమ్మలేదు. మరీ ముభావంగా ఉండేవాళ్ళూ ఎక్కువ అమ్మలేదు. మధ్యలో ఉన్నవాళ్ళు ఇద్దరినీ మించారు. ఎక్కువ మాట్లాడేవాళ్ళు ఎదుటివాళ్ళ మాట వినరు, కొనేవాళ్ళకు వీళ్ళ ఉత్సాహం చూసి అనుమానం వస్తుంది అని ఆయన వివరణ. అయితే ఆ పరిశోధన స్వభావం గురించి చేసింది, భయం గురించి కాదు. ఒంటరిగా ఉండటం ఇష్టపడేవాళ్ళలో నలుగురి మధ్య నిర్భయంగా మాట్లాడేవాళ్ళున్నారు. మనుషులంటే ప్రాణం పెట్టేవాళ్ళలోనూ నోరు తెరిచేసరికి చెమటలు పట్టేవాళ్ళున్నారు. నాకు తెలిసినంతలో ఎక్కువ బాధపడేది ఈ రెండో రకంవాళ్ళే.

మరి ఎంత భయమైతే జబ్బు? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక సమస్యల జాబితాలో ఇది 1980లో సోషల్ ఫోబియా పేరుతో విడిగా చేరింది. 2013 కూర్పు వచ్చేసరికి సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అన్నదే అసలు పేరైంది. నలుగురూ మనల్ని చూసి తప్పుపడతారేమోనన్న భయం, అసలు ప్రమాదానికి మించినంతగా, సాధారణంగా 6 నెలలకు పైగా ఉండి, చదువుకో ఉద్యోగానికో మనుషులతో సంబంధాలకో అడ్డం పడుతుంటే ఆ పేరు వాడతారు. ఎక్కువమందికి ఇది టీనేజీలోనే మొదలవుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకు ఇది సమస్యలా కాక పిల్ల తీరులా కనిపిస్తుంది. "మావాడు చిన్నప్పటి నుంచి గంతే" అని చుట్టాల ముందే చెప్పేస్తారు, అదే వాడికి సర్టిఫికెట్ అయిపోతుంది.

ఆ ఒక్క లైను కింద ఎన్ని పనులున్నాయి

కమ్యూనికేషన్ స్కిల్స్ అనే మాట కింద పదిరకాల పనులు దాక్కుని ఉంటాయి. భయం అన్నిటికీ ఒకేలా ఉండదు. మైఖేల్ లీబోవిట్జ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1987లో తయారుచేసిన ఒక కొలమానాన్ని డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో 24 సందర్భాలుంటాయి: పదిమంది వింటుండగా ఫోన్ మాట్లాడటం, పై అధికారితో మాట్లాడటం, ఎవరో చూస్తుండగా పని చేయడం, కొన్న వస్తువు తిరిగి ఇచ్చేయడం, ఇలా. ప్రతిదానికీ రెండు మార్కులు వేయాలి, భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని. ఈ రెండింటినీ విడదీయడమే అందులో అసలు తెలివి. ఒక పనికి భయం ఎక్కువగా ఉన్నా మీరు దాన్ని తప్పించుకోవడం లేదంటే, అది మీరు ఇప్పటికే చేస్తున్న పని. జాబితాలో చివరి అంశం, కొనమని వెంటపడే సేల్స్‌మన్‌కు వద్దని చెప్పడం. కౌంటరుకు అవతల నిలబడ్డవాళ్ళలో మిమ్మల్ని చూసి భయపడేవాళ్ళూ ఉంటారని దాని అర్థం.

ఇదే పద్ధతిలో ఉద్యోగాలను విడదీసి చూడండి. ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసులో రోజంతా మనుషులే. కానీ వచ్చిన ప్రతివాళ్ళతో మాట్లాడేది ఒకటే: పేరు, వయసు, ఏ డాక్టరు, ఓపీ చిట్టీ, అటు కూర్చోండి. రెండు వారాల్లో ఆ మాటలు నోటికొచ్చేస్తాయి. మీరు అక్కడ ఫలానా మనిషిగా కాదు, కౌంటరుగా ఉంటారు. సోషల్ యాంగ్జైటీ ఉన్న చాలామందికి ఇలా పాత్ర ముందే రాసిపెట్టి ఉన్న మాటలు అంత కష్టం కావు. కష్టమంతా పాత్ర లేనిచోట ఉంటుంది: మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడు తోటివాళ్ళతో ఏం మాట్లాడాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, స్టాఫ్‌లో ఒకరి పుట్టినరోజుకు కేక్ కోస్తుంటే ఎక్కడ నిలబడాలి. విచిత్రమేమిటంటే ఈ బాధలన్నీ మూలన కూర్చుని చేసే కంప్యూటర్ ఉద్యోగంలోనూ ఉంటాయి. "మాట్లాడే పని కాదు కదా" అని చేరినవాళ్ళు భోజనాల గంటకు భయపడి మానేయడం వింతేమీ కాదు. ఫ్రంట్ ఆఫీసులో నిజంగా కష్టమైనది బిల్లు కట్టే కౌంటరు. అక్కడికొచ్చేవాళ్ళు కోపంలోనో దుఃఖంలోనో ఉంటారు. రిసెప్షన్ మాత్రమేనా, బిల్లింగ్ కూడా చూడాలా అని ముందే అడిగి తెలుసుకోవాలి.

విత్తనాల కంపెనీ ఫీల్డ్ అసిస్టెంట్ పని వేరే తీరు. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి పెద్ద ఎత్తున సాగుతుంది. క్రాసింగ్ రోజుల్లో, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అద్దే రోజుల్లో, కంపెనీ మనిషి పొలాల వెంట తిరుగుతూనే ఉండాలి. పేరుకు ఫీల్డ్ ఉద్యోగమే అయినా సీజనంతా కలిసేది దాదాపు అదే రైతులను. మాట మొత్తం చేను గురించే. ఇద్దరూ పక్కపక్కన నిలబడి మొక్కను చూస్తూ మాట్లాడుకుంటారు, ముఖంలో ముఖం పెట్టి కాదు. చూపులకు భయపడేవాళ్ళకు ఇది ఎంత తేడానో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మెడికల్ రెప్‌ది దీనికి పూర్తిగా ఎదురు. డాక్టరు ఇచ్చే ఒకటి రెండు నిమిషాల్లో, పెద్దమనిషి ముందు, పేషెంట్లు చూస్తుండగా చెప్పాల్సింది చెప్పేయాలి. పై అధికారులంటే వణికేవాళ్ళు మొదట ఇందులో అడుగుపెట్టకపోవడం మంచిది. నాగార్జునసాగర్ బుద్ధవనం లాంటి చోట గైడ్ పని అనుకోండి. నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడాలి, కానీ విన్నవాళ్ళు గంటలో బస్సెక్కి వెళ్ళిపోతారు, మళ్ళీ జన్మలో కనబడరు.

ఊరంతా తెలిసినవాళ్ళే అయితే

ఆ గైడ్ ఉదాహరణ ఊరికే ఇవ్వలేదు. సోషల్ యాంగ్జైటీ గురించి బయట రాసేవాళ్ళు కొత్తవాళ్ళంటే భయం అని రాస్తారు. మన జిల్లాల్లో చాలామందికి భయం కొత్తవాళ్ళతో కాదు, తెలిసినవాళ్ళతో. దేవరకొండలోనో నారాయణపేటలోనో బట్టల షాపు కౌంటర్లో నిలబడితే గంటలోపే ఎవరో ఒకరు "నువ్వు ఫలానాయన బిడ్డవు గదా, డిగ్రీ చేసి ఈడ చేస్తున్నవా" అంటారు. ఆ మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. ఇక్కడ తప్పు చేస్తానేమో అన్న భయం కంటే, చేసిన తప్పు ఊళ్ళో తిరుగుతుందేమో అన్న భయం ఎక్కువ.

ఇలాంటివాళ్ళకు సొంత ఊళ్ళో చిన్న ఉద్యోగం కంటే ముప్పై, నలభై కిలోమీటర్ల అవతల పెద్ద ఉద్యోగమే తేలిక కావచ్చు. భయం ఉన్న పిల్లను ఇంటి దగ్గరే పెట్టుకుందామని తల్లిదండ్రులు అనుకుంటారు, ప్రేమతోనే. అది ఒక్కోసారి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. హైదరాబాద్‌లో మాల్‌లో చలాకీగా పనిచేసే అమ్మాయే పండక్కి ఊరికొచ్చి కిరాణా కొట్టుకు పోవడానికి తమ్ముణ్ణి పంపడం మనం చూసేదే. కాబట్టి మీ భయం ఎవరితో అన్నది తేల్చుకోకుండా ఉద్యోగం ఎక్కడ అన్నది తేల్చుకోవద్దు.

ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు. "బయట తిరిగే పని ఎందుకు" అన్న ఇంటివాళ్ళ మాట, లోపలి భయం, రెండూ ఒకే జవాబు ఇస్తాయి కాబట్టి కలిసిపోతాయి. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు అని చెప్పుకుంటే పరువు దక్కుతుంది. అందుకని భయాన్ని ఆ మాట వెనక దాచిపెట్టడం తేలిక. ఇంట్లోవాళ్ళ అభ్యంతరం నిజంగా రాత్రి బస్సు గురించే అయితే దానికి షిఫ్టు మార్పు పరిష్కారం. భయానికి షిఫ్టు మారిస్తే సరిపోదు.

యాస, ఇంగ్లీషు కూడా ఇలాగే కలిసిపోయే సంగతులు. ఒక్కరే ఉన్నప్పుడు అద్దం ముందు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు తప్పుల్లేకుండా చెప్పగలిగి, మనిషి ఎదురుగా ఉంటే ఆగిపోతుంటే అది భయం. అద్దం ముందు కూడా రాకపోతే అది నేర్చుకోవాల్సిన విద్య, భయం కాదు. ఇక యాస సంగతి. నల్లగొండలో నల్లగొండ మాట మాట్లాడేవాడి దగ్గరే రైతు విత్తనం కొంటాడు, పేషెంటు దారి అడుగుతాడు. పుస్తకం మాటలు మాట్లాడే రెప్‌ను ఊళ్ళో ఎవరు నమ్ముతారు?

మీ వణుకు ఎదుటివాళ్ళకు ఎంత కనబడుతుంది

ఈ భయం ఎలా నడుస్తుందో 1995లో డేవిడ్ క్లార్క్, ఆడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నమూనాగా వివరించారు. ఇప్పటి చికిత్సకు ఆధారమైన వాటిలో అదొకటి. నలుగురిలోకి రాగానే మనసు ఎదుటివాళ్ళ మీద నుంచి మన మీదికి తిరుగుతుంది. గుండె దడ, చేతి వణుకు, మొహం వేడెక్కడం, ఇవన్నీ లోపలి నుంచి గట్టిగా తెలుస్తాయి. అంత గట్టిగా తెలుస్తున్నవి బయటివాళ్ళకు కూడా అంతే కనబడుతున్నాయని నమ్మేస్తాం. దాంతో దాచే ప్రయత్నం మొదలవుతుంది. చూపు తిప్పుకోవడం, గబగబా మాట్లాడేయడం, పెన్ను గట్టిగా పట్టుకోవడం, చెప్పబోయే వాక్యాన్ని లోపల నాలుగుసార్లు వల్లించుకోవడం. ఈ జాగ్రత్తలన్నీ పెట్టుకున్నాక గండం గడిచినా, గడిచింది జాగ్రత్త వల్లే అనిపిస్తుంది. అసలు గండమే లేదేమో అన్న సంగతి తేలదు. రాత్రి పడుకున్నాక సీను మొత్తం మళ్ళీ తిరుగుతుంది, ఎప్పుడూ తప్పుల వైపు నుంచే.

బయటివాళ్ళకు నిజంగా ఎంత కనబడుతుందో కొలిచినవాళ్ళున్నారు. థామస్ గిలోవిచ్, ఆయన తోటి పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటివాళ్ళు కొందరు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగంమంది తన టీషర్టు గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అంచనా వేశారు. గమనించింది దాదాపు నాలుగో వంతు. అదే వర్గం పరిశోధకులు 2003లో ఉపన్యాసాల మీద చేసిన అధ్యయనం మన సంగతికి ఇంకా దగ్గర. మాట్లాడేవాళ్ళు తమ టెన్షన్ వినేవాళ్ళకు తెలిసిపోతోందనుకున్నారు, తెలిసింది అంతకంటే తక్కువ. ఆ మాట ముందే చెప్పి పంపినవాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగా మాట్లాడారు కూడా.

చేరితే అదే పోతుందా?

"చేరు, నాలుగు రోజులైతే అదే పోతది" అన్నది ఇంట్లో అందరూ ఇచ్చే సలహా. ఇందులో సగం నిజముంది. భయపడే పనిని పదేపదే ఎదుర్కోవడమే భయానికి మందు. సోషల్ యాంగ్జైటీకి బాగా పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మాటలతో, సాధనతో మార్చే చికిత్సలో, అదే ముఖ్యభాగం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013 నుంచి పెద్దవాళ్ళకు మొదట సూచిస్తున్నదీ ఆ చికిత్సనే. మిగతా సగం అబద్ధం, ఎందుకంటే ఎలా ఎదుర్కొంటున్నామన్నది ముఖ్యం. పాలమూరు పల్లెల్లో వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్ళకు తెలుసు. వీపుకు బెండ్లు కట్టి దింపుతారు, కాళ్ళు చేతులు ఆడటం వచ్చాక ఒక్కోటి తీసేస్తారు. బెండ్లు లేకుండా తోసేస్తే కొందరికి ఈత వస్తుంది, కొందరు జన్మలో బావి దగ్గరికి పోరు. బెండ్లు ఎప్పటికీ తీయనివాళ్ళకు మాత్రం అసలు ఈత వచ్చిందో లేదో తెలియదు. చూపు తిప్పుకోవడం, వల్లె వేసుకోవడం లాంటి జాగ్రత్తలు ఆ బెండ్లే.

ఇటీవలి పరిశోధన, ముఖ్యంగా మనస్తత్వ శాస్త్రవేత్త మిషెల్ క్రాస్కే బృందం చెప్పేది ఇంకాస్త స్పష్టంగా ఉంటుంది. భయం తగ్గేదాకా నిలబడటం కంటే, మనం అనుకున్న చెడు జరగలేదని చూడటం వల్ల మనసు ఎక్కువ నేర్చుకుంటుంది. అందుకే ముందు ఒక కాగితం మీద ఏం జరుగుతుందనుకుంటున్నారో రాయాలి. "నేను ఆగిపోతాను, ఆయన నవ్వుతాడు" అని. తర్వాత ఏం జరిగిందో పక్కన రాయాలి. ఈ లెక్క ప్రకారం చూస్తే భయం ఉన్నవాళ్ళకు మంచి ఉద్యోగమంటే ఒకే రకం సంభాషణ రోజుకు చాలాసార్లు వచ్చేది, ఒక్కోటి చిన్నదిగా ఉండేది, పాడైనా పెద్ద నష్టం లేనిది, మొదట ఎవరో ఒకరు పక్కన ఉండేది. నెలకొకసారి వచ్చే పెద్ద ప్రజెంటేషన్ కంటే రోజుకు అరవై ఓపీ చిట్టీలు మేలు.

అదే లెక్క ప్రకారం చెడ్డ ఉద్యోగం ఏదో కూడా తేలుతుంది: భయపడిందే రోజూ నిజమయ్యేది. టార్గెట్ రాలేదని అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్టే చోట, సోమవారం మీటింగులో నిలబెట్టి అడిగే చోట, "నలుగురిలో పరువు పోతుంది" అన్న అంచనా తప్పని తేలే అవకాశమే లేదు. అలాంటి చోట మానేస్తే తప్పు మీ భయానిది కాదు. వసూళ్ళ ఉద్యోగాలూ ఈ కోవలోకే వస్తాయి. మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకున్నవాళ్ళకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయడాన్ని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు వేధింపుగా లెక్కగట్టాయి. రాత్రి పూట ఇంటిముందు కూర్చోమని పంపే చోటికి ధైర్యవంతులు కూడా పోకూడదు. ఆ పని చేయలేకపోవడం పిరికితనం కాదు.

నన్నడిగితే, ఈ సమస్య ఉన్నవాళ్ళకు ఉద్యోగంలో అసలు ప్రమాదం కస్టమర్లతో మాట్లాడలేకపోవడం కాదు, పైవాళ్ళకు వద్దని చెప్పలేకపోవడం. ఆదివారం రమ్మంటే వస్తారు, పక్కవాళ్ళ పని నెత్తిన వేస్తే చేస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడే పెట్టి వెళ్ళమంటే పెట్టేస్తారు, తర్వాత అడగడానికి నోరు రాక నెలల తరబడి అక్కడే ఉండిపోతారు. డిపాజిట్ కట్టమన్న చోటు, ఒరిజినల్స్ ఉంచమన్న చోటు, జీతం లేకుండా కమీషన్ మాత్రమే ఇచ్చే చోటు, ఈ మూడూ మిగతావాళ్ళకు నష్టమైతే మీకు రెట్టింపు నష్టం. వీటిని వదిలేయడాన్ని తప్పించుకోవడం కింద లెక్కవేయొద్దు.

పంపే ముందు, పంపిన తర్వాత

మన దగ్గర ప్రకటనలు ఎక్కువగా ఫోన్ నంబరుతో ముగుస్తాయి. చాలామంది ఆగిపోయేది ఉద్యోగం దగ్గర కాదు, ఆ కాల్ దగ్గర. వాట్సాప్‌లో రెజ్యూమె పంపి, "నమస్తే సార్, ప్రకటన చూశాను, ఇంటర్వ్యూకు ఎప్పుడు రావాలో చెప్పండి" అని రాస్తే ఇప్పుడు ఎవరూ తప్పుగా అనుకోరు. అవకాశముంటే ఆ చోట పనిచేసేవాళ్ళనో మానేసినవాళ్ళనో ఒకరిని పట్టుకుని రోజు ఎలా గడుస్తుందో అడగండి. ఒకే పోస్టుకు ఏడాదంతా ప్రకటన వస్తూనే ఉందంటే అక్కడ మనుషులు నిలవడం లేదని అర్థం.

ఇంటర్వ్యూలో నాకు సోషల్ యాంగ్జైటీ ఉంది అని చెప్పాలా? చెప్పాల్సిన అవసరం లేదు, నేనైతే మొదటి రోజే చెప్పమని సలహా ఇవ్వను. ఆ మాటకు ఎదుటివాళ్ళు ఏ అర్థం చెప్పుకుంటారో మన చేతిలో ఉండదు. దాని బదులు మీకు పనికొచ్చేవి అడగండి. "సార్, మొదటి రెండు వారాలు ఎవరితోనైనా కలిపి పంపుతారా? టార్గెట్ ఎన్నో నెల నుంచి? రివ్యూ అందరిలో ఉంటుందా, విడిగా ఉంటుందా?" ఇవి ఏ తెలివైన అభ్యర్థి అయినా అడిగే ప్రశ్నలే. గొంతు వణికితే "కొంచెం టెన్షన్‌గా ఉంది సార్, ఒక్క నిమిషం" అనొచ్చు. దాచడానికి పడే కష్టం ఆ ఒక్క మాటతో తప్పుతుంది, వినేవాళ్ళు సాధారణంగా మంచినీళ్ళు ఇస్తారు.

ఇక వైద్యం. భయం వల్ల ఇల్లు కదలలేకపోతున్నా, నలుగురిలోకి పోవాలంటే ముందు మద్యం తాగాల్సి వస్తున్నా, నిద్ర, ఆకలి పోయి బతకాలనిపించకపోతున్నా ఉద్యోగం ప్రశ్న రెండోది. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మొహం కనబడనక్కర్లేదు కాబట్టి ఈ భయం ఉన్నవాళ్ళకు మొదటి మెట్టుగా అది సరిపోతుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి అనుబంధ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలో చూపించుకోవచ్చు. మొత్తంగా ఆందోళన తగ్గడానికి డాక్టర్లు ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు మొదలుపెట్టి లాభం లేదు. స్టేజీ ఎక్కేముందు గుండె దడ తగ్గడానికి కొందరు వాడే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. తెలిసిన మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

అంత తీవ్రంగా లేనివాళ్ళు చికిత్సా, దరఖాస్తూ ఒకేసారి నడిపించుకోవచ్చు. పూర్తిగా బాగయ్యాక పెడతానంటే ఆ రోజు రాదు. జవాబు వచ్చేలోపు ఉన్న రోజులను సాధనకు వాడుకోండి. గడియారం సెంటర్ దగ్గర ఏదో ఒక షాపులోకి వెళ్ళి రెండు వస్తువుల ధర అడిగి, కొనకుండా "మళ్ళీ వస్తా అన్నా" అని బయటికి రావాలి. బత్తాయిల బండి దగ్గర బేరమాడాలి. బస్సులో కండక్టరును చిల్లర అడగాలి. ముందు ఒక అంచనా రాసుకోండి, తర్వాత జరిగింది రాసుకోండి.

చేరాక మొదటి నెల భయం పెరిగినట్టే అనిపిస్తుంది, దాన్ని బట్టి తేల్చుకోవద్దు. మూడు నెలల దగ్గర ఆగి కాగితాలు తీసి చూడండి. భయం ఒక్క పని దగ్గరే మిగిలి ఉంటే, ఉదాహరణకు బిల్లింగ్ దగ్గరో ఫోన్ కాల్స్ దగ్గరో, అదే సంస్థలో స్టాక్‌కో రికార్డ్స్‌కో మార్చమని అడగొచ్చు. మూడు నెలలు నమ్మకంగా పనిచేసినవాళ్ళు అడిగితే చిన్న సంస్థల్లో కూడా వింటారు. అన్ని పనుల దగ్గరా మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంటే, మానేసే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో అపాయింట్‌మెంట్ లెటర్లో చూసుకుని, అనుభవ పత్రం అడిగి తీసుకోండి. తర్వాతి దరఖాస్తుకు అది పనికొస్తుంది.